పాత్ర ముట్టని ఆదివారాలు

ఇది రాస్తున్నది మళ్ళీ మిరపకాయల కాలంలో. మా ఊరి చుట్టూ కల్లాల నిండా కాయ ఎండుతోంది. గాలి ఇటు తిరిగితే చాలు, మా క్రైస్తవుల గుడిలో పాస్టరు అయ్యగారు ప్రసంగం ఆపి తుమ్ముతారు, ఆయన వెనకాల సంఘం మొత్తం దగ్గుతుంది. అయినా ఈ ఏడాది కిటికీలు మూయడం లేదు. "ఆ టీచరమ్మ మూలాన ఇదొకటి మన ప్రాణానికి" అని ఆడవాళ్ళు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నన్ను తిట్టుకుంటున్నారు. తిట్టుకోనివ్వండి. కిటికీలు తెరిచి ఉన్నాయి, నాకది చాలు.

నా పేరు సలోమి. గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దులో ఉన్న ఒక ఊళ్ళో మిషను బడి టీచరుగా ఉండేదాన్ని. గుడిలో పిల్లల పాటల బృందం కూడా నేనే చూసుకునేదాన్ని. మా ఆయన ప్రకాశరావు కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. అత్తగారు సువార్తమ్మ మాతోనే ఉంటుంది. పెళ్ళైన చాలా ఏళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క కూతురు బ్లెస్సీ, అప్పటికి మూడేళ్ళది. పోయిన ఏడాది, అంటే 2004లో, నాకు క్షయ వచ్చింది. టీబీ అంటే కాస్త మర్యాదగా ఉంటుందని మా ఆయన అలాగే అంటాడు. ఇప్పుడు తగ్గింది. ఇది చదివి ఎవరికైనా తమ దగ్గు మీద అనుమానం వస్తే సిగ్గుపడకుండా వెళ్ళి చూపించుకోండి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు కదా.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా వైపు దగ్గని మనిషంటూ ఉండడు. కల్లాల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళు దగ్గుతారు, బస్తాలు తొక్కే మగవాళ్ళు దగ్గుతారు, బళ్ళో ఎక్కాలు చెప్పే పిల్లలు మధ్యలో ఆపి మరీ దగ్గుతారు. నేనూ దగ్గాను. ఘాటు అన్నారు అందరూ, నేనూ అదే అనుకున్నాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడితే ఎండ దెబ్బ అనుకున్నాను. జాకెట్లు వదులైతే, ఈస్టరుకి ముందు శ్రమల కాలంలో ఒంటిపూట ఉంటున్నాను కదా, మంచిదే అని లోపల్లోపల సంతోషించాను కూడా. అత్తగారు మాత్రం మిరియాల కషాయం గ్లాసు చేతిలో పెట్టి, "కాయంతా మిర్చి యార్డుకి పోయినా నీ దగ్గు పోయేట్టు లేదే" అంది. ఆ మాట అప్పుడే పట్టించుకుని ఉండాల్సింది.

ఈస్టరు దగ్గర పడుతోంది. గుడి పక్కన చిన్న గదిలో రోజూ సాయంత్రం పిల్లలకి పాటలు నేర్పేదాన్ని. ఘాటు లోపలికి రాకుండా తలుపు గడియ పెట్టి, కిటికీలు బిగించి, సందుల్లో గోనె ముక్కలు కూడా కుక్కేవాళ్ళం. చెమటలు కారుతున్నా పాడేవాళ్ళం. బ్లెస్సీ నా ఒళ్ళో ఉండేది. నా మోకాలికి ఆనుకుని జెస్సీ కూర్చునేది. జెస్సీ స్త్రీల సమాజం ప్రెసిడెంటు కరుణమ్మగారి మనవరాలు. తల్లి పోయింది, అమ్మమ్మ దగ్గరే పెరుగుతోంది. ఏడేళ్ళ పిల్ల, ఆ గొంతు వింటే పెద్దవాళ్ళు కూడా మాటలాపేవాళ్ళు. క్రీస్తు మన సంకెళ్ళు తెంచాడు, ఇక మనం ఎవరికీ బానిసలం కాదు అని అర్థం వచ్చే పాట ఒకటి ఆ ఏడు నేనే కట్టి నేర్పాను. పై స్థాయి అందుకోవాల్సిన చోట నాకు దగ్గు వచ్చేది. అక్కడ జెస్సీ అందుకునేది.

ఈస్టరుకి ముందు వారం వచ్చే మట్టల ఆదివారం మర్నాడు పొద్దున దొడ్లో మొహం కడుక్కుంటుంటే ఉమ్మిలో ఎర్రటి జీర కనిపించింది. నీళ్ళు పోసి కడిగేశాను. మళ్ళీ ఉమ్మి చూశాను. మళ్ళీ అదే జీర. మా ఆయన్ని పిలిస్తే వచ్చి చూసి, వెళ్ళి చొక్కా వేసుకొచ్చాడు.

టౌన్లో ప్రభుత్వాసుపత్రిలో దగ్గేవాళ్ళని విడిగా ఆరుబయట బెంచీల మీద కూర్చోబెడతారు. అక్కడ కూర్చున్నాక తెలిసింది, దారినపోయే ప్రతి మనిషీ ఆ బెంచీలని చూసి మొహం తిప్పుకుంటాడని. మా ఆయన కాస్త దూరంగా స్కూటర్ల దగ్గర నిలబడ్డాడు. తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తారని అతని భయం. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. పక్కన కనిగిరి వైపు నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె తన నీళ్ళ సీసా నా చేతికిచ్చి, "తాగమ్మా, పర్లేదు. నీకు కొత్తగా అంటేదేం లేదులే" అంది. ఆ రోజు మొత్తానికి నేను నవ్వింది అప్పుడే.

కళ్లె పరీక్ష చేశారు. మర్నాడు మళ్ళీ రమ్మన్నారు. డాక్టరు చిన్న వయసావిడ. బయట జనం ఎక్కువున్నారు, గబగబా చెప్పింది. "తగ్గిపోయే జబ్బేనమ్మా. కానీ మందు మధ్యలో ఆపకూడదు. రోజు విడిచి రోజు ఒక మనిషి చూస్తుండగా మింగాలి."

"నేను టీచర్నండీ. మీరు చెబితే చాలు, మింగుతాను."

"టీచర్లే ముందు మానేస్తారు. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ పెట్టుకోండి. పాపని పక్కలో పడుకోబెట్టుకోకండి. వీలు చూసుకుని పాపని కూడా తీసుకొచ్చి చూపించండి."

ఇంటికొచ్చి నాకు తోచిన జాగ్రత్తలన్నీ మొదలెట్టాను. కంచం వేరు, గ్లాసు వేరు, చాప వేరు. మా ఇళ్ళల్లో రోగమంటే ఎంగిలి ద్వారానే వస్తుందని నమ్మకం. బి.ఇడి. చదివినా నా బుర్రలో ఉన్నదీ అదే. బ్లెస్సీ నా కంచంలో చెయ్యి పెట్టబోతే గట్టిగా అరిచాను. పిల్ల బిత్తరపోయి నానమ్మ చీర పట్టుకుంది. ఆ రాత్రినుంచి అది నా దగ్గరికి రావాలంటే దూరంనుంచి నా మొహం చూసి, ఆలోచించి వచ్చేది. పాటలకి మాత్రం వెళ్ళాను. పాటలో ఎంగిలేముంది?

మందు మింగించే పని అంగన్‌వాడీ రమణమ్మకి అప్పజెప్పారు. మా వీధి చివర రైతుల కోడలు, నాకంటే చిన్నది. స్టీలు గ్లాసుతో నీళ్ళిచ్చి, బిళ్ళలన్నీ గొంతు దిగేదాకా కదలదు. ఆపైన, "నోరు తెరువు టీచరూ" అంటుంది. నాలుక ఎత్తి చూపించాలి. ఊళ్ళో సగం మంది పిల్లలకి అక్షరాలు దిద్దించినదాన్ని, పొద్దున్నే ఆమె వసారాలో కూర్చుని నోరు తెరవాలి! సంకెళ్ళు తెగిపోయాయని పాట కట్టిన నోరే అది. ఇంటికొస్తూ దారంతా గొణుక్కునేదాన్ని. రమణమ్మ మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే, "టీచరుకి రక్తం తక్కువ, బలం బిళ్ళలు" అనేది.

ఈస్టరు ఆదివారం ప్రభు బల్ల, క్రీస్తు పేరున రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. మా గుడిలో ఒకటే పాత్ర. మనుషులు వరసగా వచ్చి మోకరిస్తారు, అయ్యగారు అందరి పెదవులకీ అదే పాత్ర అందిస్తారు, ఒక్కొక్కరి తర్వాతా తెల్లగుడ్డతో అంచు తుడుస్తారు. ఎవరితోనైనా పగ ఉన్నవాళ్ళు, తప్పు చేసి ఇంకా ఒప్పుకోనివాళ్ళు బల్లకి రారు. లేచి వెళ్ళనివాళ్ళని సంఘం మొత్తం గమనిస్తుంది. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, మా ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి, అంతే.

ఆ రోజు మా వరస లేచింది. నేను లేవలేదు. అత్తగారు నా మోచెయ్యి గిల్లింది. తల దించుకున్నాను. అయ్యగారు పాత్ర పట్టుకుని ఒక్క క్షణం నా వైపు చూశారు. వెనక బెంచీల్లో గుసగుస మొదలైంది. మధ్యలో దగ్గు వచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను. నా ఎంగిలి వాళ్ళకి తగలకూడదనే కదా కూర్చున్నాను! ఒకరికి మంచి చేస్తూ దొంగలా కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఇంటికి రాగానే అత్తగారు గొంతెత్తింది. "ఏం పాపం చేశావని మోకరించలేదే? కరుణమ్మ నన్నే అడుగుతోంది, మీ కోడలికి బళ్ళో ఆ కొత్త మాస్టారితో ఏంటంట అని!" అప్పటిదాకా దాచిన సంగతి అప్పుడు చెప్పాం ఆవిడకి. తర్వాత నా వేరు కంచం తీసి చూసి, దాన్ని తనే కడగడం మొదలుపెట్టింది.

మే నెల మొదటి ఆదివారం మళ్ళీ బల్ల, మళ్ళీ నేను లేవలేదు. సాయంత్రం అయ్యగారు ఇంటికొచ్చారు. కుర్చీలో కూర్చుని, నేల చూస్తూ, "ఎవరితోనైనా మాట పట్టింపుంటే సమాధానపడాలమ్మా" అన్నారు. మా ఆయన నాకంటే ముందే, "ఆమెకి ఒంట్లో బాగాలేదండి, అంతే" అనేశాడు. అయ్యగారు వెళ్ళాక నాతో, "చెప్పావంటే బడి వాళ్ళు మర్నాడే తీసేస్తారు. మన జబ్బు, మన ఇష్టం. చెప్పి తీరాలని చట్టమేం లేదు" అన్నాడు. నిజమే, చట్టం లేదు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్ళు ధైర్యంగానే ఉన్నాను.

ఆ వారంలోనే బ్లెస్సీకి జ్వరం తగిలింది. పిల్లని చూపించమని డాక్టరు చెప్పినా ఏం తేలుతుందోనని భయపడి ఇద్దరం రేపు, ఎల్లుండి అంటూ గడిపేశాం. ఇక ఆగలేదు, ఎత్తుకుని పరుగెత్తాం. పిల్ల చేతికి సూది వేసి, రెండు రోజులాగి వాపు చూడాలన్నారు, వాపొస్తే నా జబ్బు దానికీ సోకినట్టే. ఆ రెండు రోజులూ నేను తిన్నది గుర్తులేదు. నిద్రపోతున్న పిల్ల చెయ్యిని చూస్తూ కూర్చునేదాన్ని, ఎర్రబడినట్టే ఉండేది, అంతలోనే లేనట్టే ఉండేది. ప్రార్థన చేద్దామంటే ఒకటే మాట వచ్చేది, దీనికి వద్దు, దీనికి వద్దు. మా ఆయన గుమ్మంలో కూర్చుని బీడీ మీద బీడీ కాల్చాడు. పెళ్ళయ్యాక మానేసిన అలవాటది.

వాపు రాలేదు. ఎక్స్‌రే కూడా బాగుందన్నారు. మామూలు జ్వరమే. ముందుజాగ్రత్తగా కొన్ని నెలలు చిన్న బిళ్ళ వేయమన్నారు. ఊపిరి పీల్చుకునేలోపు డాక్టరు అడిగింది.

"ఇంట్లోవాళ్ళు కాకుండా, మూసిన గదిలో ఎక్కువసేపు మీతో గడిపినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

పాటల గది గురించి చెప్పాను. కిటికీల గురించి, గోనె ముక్కల గురించి కూడా. పాత్ర మాత్రం ముట్టలేదండీ అని గొప్పగా చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసింది.

"పాత్ర సంగతి నాకంత భయం లేదమ్మా. పాట సంగతే భయం. ఇది ఎంగిలితో కాదు, గాలితో వస్తుంది. ఇన్ని వారాలు మందు పడ్డాక ఇప్పుడు మీ వల్ల భయం తగ్గింది. అంతకుముందు నెలల సంగతే నేననేది. ఆ పిల్లల్లో దగ్గుతున్నవాళ్ళున్నారా?"

ఉంది. జెస్సీ దగ్గుతోంది. అందరూ ఘాటంటున్నారు. కాయ యార్డుకి వెళ్ళిపోయింది, కల్లాలు ఊడ్చేశారు, గాలిలో దుమ్ము తప్ప ఇంకేం లేదు. జెస్సీ మాత్రం ఇంకా దగ్గుతోంది.

"పిల్లలందరినీ తీసుకురమ్మనండి. చెప్పడం, మానడం మీ ఇష్టం. నేను మీ ఊరొచ్చి మైకులో చెప్పను" అంది డాక్టరు.

బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా కరుణమ్మగారి గుమ్మం ముందు నిలబడ్డాను. లోపల జెస్సీ దగ్గు వినిపిస్తోంది. కరుణమ్మగారు చేట పట్టుకుని బయటికొచ్చింది.

"పాత్ర ముట్టనిదానివి నా గడపెందుకు ముడతావు?"

"జెస్సీ దగ్గు గురించండీ..."

"అది ఘాటు. నువ్వు ముందు సంఘంలో సమాధానపడు. తర్వాత నా ఇంటికి రా." తలుపు వేసేసింది. వీధిలో వాళ్ళంతా చూస్తున్నారు. మూసిన తలుపు మీద అరిచి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

అయ్యగారి దగ్గరికెళ్ళి మొత్తం చెప్పాను. ఆయన మంచివారే. "నేను బలవంతం చెయ్యనమ్మా. నీ ఇష్టం" అన్నారు. ఇంటికొస్తే మా ఆయనా అదే మాట. "నీ ఇష్టం. రేపు ఉద్యోగం పోతే మాత్రం నా దగ్గర ఏడవకు." అందరూ నాకే వదిలేసి తప్పుకున్నారు. స్వాతంత్ర్యం అంటే ఎవరూ మనల్ని ఆపకపోవడమనుకున్నాను ఇన్నాళ్ళూ. నన్నెవరూ ఆపడం లేదు. నోరు మూసుకుని కూర్చోవడానికి నాకు పూర్తి స్వేచ్ఛ ఉంది. తను తినే మాంసం వల్ల తమ్ముడికి కీడు జరిగేట్టుంటే ఇక దాన్ని ముట్టనే ముట్టనన్న బైబిల్లోని అపొస్తలుడి సంగతి ఆదివారం బడిలో పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో! తినడానికి ఆయనకి అడ్డేమీ లేదు. ఎవరూ ఆపకుండానే తనంతట తనే ఆగాడు. అది పాఠంగా చెప్పడం తేలిక.

ఆఖరికి అత్తగారే తేల్చింది. "ఇప్పుడందరూ నీది పాపమనుకుంటున్నారు. జబ్బని చెప్పెయ్యి. పాపం కన్నా జబ్బు నయం కదే" అంది.

జూన్ మొదటి ఆదివారం. బల్లకి ముందు, ఎవరి సంగతి వాళ్ళు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచాను. కిటికీ పక్కన నిలబడ్డాను. కరుణమ్మగారు చేతులు కట్టుకుని నా తప్పు వినడానికి సిద్ధంగా ఉంది. ఆవిడ ఒళ్ళో జెస్సీ తల పెట్టుకుని ఉంది.

"నాకు టీబీ" అన్నాను. "మందు వాడుతున్నాను. పాత్ర అందుకే ముట్టలేదు. కానీ పాటల గదిలో కిటికీలు మూసి నేర్పాను, అది పొరపాటని అప్పుడు తెలియదు. ఆ పిల్లలందరికీ పరీక్ష చేయించాలి. ముందు జెస్సీకి."

తల్లులు ఒక్కసారిగా లేచారు. ఒకామె తన పిల్లని భుజం పట్టి లాగిన లాగుడికి పిల్ల కిందపడింది. ఎవరో, "ఇన్నాళ్ళు దాచిపెట్టి మా పిల్లల నోట్లో నోరు పెట్టి పాడించావా!" అని అరిచారు. కరుణమ్మగారు జెస్సీని ఎత్తుకుని, బల్ల కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. అయ్యగారు దిగొచ్చి ఒక్కొక్క కిటికీ తనే తెరిచారు. తుప్పు పట్టిన గడియలు, ఆయన చెయ్యి చీరుకుపోయింది. నేను వెళ్ళి బయట అరుగు మీద కూర్చున్నాను. లోపల పాట ఎత్తుకున్నారు, నడిపించేవాళ్ళు లేక శ్రుతి ఎటో పోయింది. అంత దుఃఖంలోనూ ఆ శ్రుతి సరిచెయ్యాలని ప్రాణం కొట్టుకుంది.

పిల్లలందరికీ పరీక్షలు చేయించారు. జెస్సీకి ఒక్కదానికే ఉందని తేలింది. తొందరగా పట్టుకున్నాం, పూర్తిగా తగ్గుతుంది అన్నారు. ఆ వార్త విన్న రోజు దొడ్లో కూర్చుని గట్టిగా ఏడ్చాను, అత్తగారు ఆపలేదు. బడి వాళ్ళు, "ఒక ఏడాది విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నారు. మా ఆయన నేను చెప్పాను కదా అనలేదు. ఆ సాయంత్రం బజారు నుంచి జామకాయలు తెచ్చి నా పక్కనే కూర్చుని తిన్నాడు.

ఆపైన రోజు విడిచి రోజు రమణమ్మ వసారాలో ఇద్దరం రోగులం. కరుణమ్మగారు జెస్సీని తెచ్చి, నాకు వీపు పెట్టి కూర్చునేది. జెస్సీ బిళ్ళ ఉమ్మేసేది, ఏడ్చేది, పళ్ళు బిగించేది. ఒకరోజు నేను నా బిళ్ళలు వేసుకుని, నాలుక బయటపెట్టి దానికి చూపించాను. పిల్ల చూసింది. తనూ మింగి, నోరు తెరిచి నాకు చూపించింది. అప్పట్నుంచి అదే పద్ధతి. రమణమ్మ ముందు నోరు తెరవడం నాకు చిన్నతనంగా ఉండటం ఎప్పుడు పోయిందో తెలియదు.

అక్టోబరులో నా మందు అయిపోయింది. కళ్లె శుభ్రంగా ఉందన్నారు. ఇక నేనెవరి ముందూ నోరు తెరవక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే బెల్లం ముక్క కొంగున కట్టుకుని మళ్ళీ ఆ వసారాకే వెళ్ళాను. జెస్సీ అడిగింది, "మీకు ఇంక బిళ్ళల్లేవుగా టీచర్, ఎందుకొచ్చారు?"

"నీ నాలుక చూద్దామని."

అక్కడికి వెళ్ళకపోతే ఎవరూ ఏమీ అనరు. వెళ్ళాలని ఎవరూ అడగలేదు కూడా. ఆ దారంతా నా ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉండేదో చెప్పలేను. విడుదల అన్న మాట నాకు కాస్తయినా అర్థమైంది ఆ పొద్దుటి నడకల్లోనే. కరుణమ్మగారు మాత్రం మొహం ఇటు తిప్పలేదు.

నవంబరు మొదటి ఆదివారం. పత్తి తీతలు సాగుతున్నాయి. మా వరస లేచింది, నేనూ లేచాను. వెళ్ళి మోకరించాను. అత్తగారు మోకాళ్ళ నొప్పితో రాలేదు, మా ఆయన అవతల మగవాళ్ళ వరసలో ఉన్నాడు. నాకు అటూ ఇటూ ఎవరూ మోకరించలేదు. వెనక ఆడవాళ్ళు ఒకరినొకరు ముందుకు నెట్టుకుంటున్నారు. నా తర్వాత అదే అంచుకి పెదవి తగిలించాలి కదా. వాళ్ళని తప్పుపట్టలేను, నేనైనా అలాగే చేసేదాన్నేమో. అయ్యగారు పాత్ర పట్టుకుని ఆగిపోయారు. మొహం మండిపోతోంది. లేచి అరుగు మీదికి వెళ్ళిపోదామా అని ఒక కాలు కదిపాను కూడా.

వెనక నుంచి గాజుల చప్పుడు. పక్కన ఎవరో బరువుగా మోకాళ్ళు ఆనించారు.

"కాస్త జరుగమ్మాయ్" అంది కరుణమ్మగారు. ఏడు నెలల్లో నాతో మంచిగా అన్న మొదటి మాట.

జరిగాను. అయ్యగారు పాత్ర నా పెదవులకి అందించారు. తాగాను. ఆయన తెల్లగుడ్డతో అంచు తుడిచారు. ఒకసారి తుడిచి, ఆగి, మళ్ళీ తుడిచారు. మూడోసారి తుడవబోతుంటే కరుణమ్మగారు గుడంతా వినపడేలా అంది:

"తుడిచింది చాల్లెండి అయ్యగారూ. ఇటివ్వండి."